ఇంజనుకి పేరంటం

ఒకే బండి మీద నేను రెండు తెలివితక్కువ పనులు చేశాను. మొదటిది ఒక సంగతి మరిచిపోవడం వల్ల, రెండోది ఏదీ మరిచిపోకూడదని పట్టుబట్టడం వల్ల. మొదటిదానికి ఒక ఇంజను పోయింది, రెండోదానికి నా పేరు పోయింది. ఇంజనుకి బదులు ఇంకోటి దొరికింది గానీ, పేరుకి బదులు దొరికింది మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు తిప్పి, ఉద్యోగంతో పాటు జుట్టు కూడా విరమించుకున్న పెద్దమనిషిని. అయినా మా ఊళ్ళో అడుగు పెడితే టీ కొట్టు బల్ల మీంచి ఎవరో ఒకరు "అదుగో, పేరంటం వచ్చాడు" అంటారు. పక్కనున్న మా ఆవిడ ఆ మాట విననట్టు కొంగు సర్దుకుంటుంది. మొన్న వీర్రాజు మావయ్యని చూడ్డానికి వెళ్ళినప్పుడూ అదే జరిగింది. ఆ పేరు పెట్టింది ఆయనే. ఇన్నాళ్ళూ ఊరు ఆ కథని ఆయన నోటే విన్నది. ఒకసారి నా నోటితో కూడా చెప్పుకుందామనిపించింది.

మా ఊరు రావులపాలేనికి దిగువన ఏటిగట్టుని ఆనుకుని ఉంటుంది. గట్టు దిగితే ఇసుక, ఇసుక దాటితే వేసవిలో మోకాలి లోతు పాయ, పాయకి అవతల లంక. లంకలో అరటి తోటలు, కంద మళ్ళు, గేదెల పాకలు. పొద్దున్నే ఆ పాకల్లో పితికిన పాలని మా బాబాయి కాన్లలో పోయించుకుని, బండికి చెరోవైపూ కట్టుకుని, పాయ దాటి, గట్టెక్కి, ఏడున్నరకి వచ్చే పాల వ్యానుకి అందించేవాడు. బాబాయి పెళ్ళి చేసుకోలేదు. మా నాన్న పోయాక అమ్మా, నేనూ, బాబాయీ ఒకే ఇల్లు. ఆ పాల మీదే మా పొయ్యి వెలిగేది. బండి అసలు రాజమండ్రిలో ఎవరో కుర్రాడు మట్టి రేసుల కోసం తయారు చేయించుకున్నది. ఎత్తు హ్యాండిలు, గుబ్బల టైర్లు, నీళ్ళు చొరబడకుండా సీటు పక్కకి ఎత్తి బిగించిన సైలెన్సరు. రేసుల సరదా తీరాక అమ్మేస్తే బాబాయి కొన్నాడు. ఊళ్ళో దాన్ని మట్టిబండి అనేవారు. ఇసుకలో మామూలు బండ్లు కూరుకుపోయి చక్రం తిప్పుకుంటూ ఉంటే, ఇది మాత్రం నాలుగు కాన్లతో వెళ్ళిపోయేది.

ఆ రకం బండికి పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. ఆయిలు లేకపోతే లోపల పిస్టను ఒరుసుకుని బిగుసుకుపోతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి ఇంటికొచ్చిన వేసవి అది, నాకు తెలియనిదంటూ లేని వయసు. బాబాయికి జ్వరం తగిలి "ఇవాళ నువ్వెళ్ళి పాలు పట్రా" అన్నాడు. బంకు దగ్గర కాలేజీ స్నేహితుడు కనిపించి, బండి మీద నన్ను చూసి "అచ్చం హీరోలా ఉన్నావురా" అన్నాడు. హీరోలు పెట్రోల్లో ఆయిలు కలుపుతూ నిలబడరు గదా. ఉత్త పెట్రోలు పోయించుకుని బయల్దేరాను. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళింది. తిరుగు ప్రయాణంలో నాలుగు కాన్లతో పాయ దాటి, ఇసుక మధ్యకి వచ్చేసరికి కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. కిక్ రాడ్డు మీద నిలబడి ఎగిరినా కదల్లేదు. ఎంతకీ రాకపోయేసరికి బాబాయి దుప్పటి కప్పుకుని ఇసుకలో నడుచుకుంటూ వచ్చాడు. ఇంజను మీద వేలు పెట్టి చూశాడు, పెట్రోలు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. తిడతాడని తలొంచుకున్నాను. తిట్టినా బాగుండేది. "కాన్లు దింపరా" అన్నాడు, అంతే.

విప్పి చూస్తే ఇంజను బాగుపడే స్థితిలో లేదు. రాజమండ్రిలో పాత బండ్లు విప్పి అమ్మే చోట అదే కంపెనీ ఇంజను ఇంకోటి దొరికింది. రోడ్డు మీద తిరిగే బండిది, కార్బురేటరు కూడా దానితోపాటే వచ్చింది. గోనెసంచిలో చుట్టి, బస్సు టాపు మీద అరటిగెలల మధ్య పెట్టి తెచ్చుకున్నాం. రేసు బండికి సంసారపక్షం ఇంజను. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి వీర్రాజు మావయ్య తప్ప ఇంకెవరూ లేరని బాబాయి అన్నాడు.

వీర్రాజు మావయ్య మాకు చుట్టమేమీ కాదు. రేవులో లాంచీ నడిపేవాడు. వంతెన వచ్చి లాంచీ ఆగిపోయాక రేవు పక్కనే పాక వేసుకుని ఇంజన్లు బాగుచేసేవాడు. పడవ ఇంజనైనా, నీళ్ళు తోడే ఇంజనైనా, బండైనా ఆయన పద్ధతి ఒకటే. కొయ్య పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి, ఒక కన్ను మూసి వినేవాడు. ఆ సమయంలో ఎవరూ మాట్లాడకూడదు. దగ్గితే దూరంగా వెళ్ళి దగ్గి రావాలి. గోదావరి మీద పొగమంచు పట్టినప్పుడు అవతలి రేవులో ఏ లాంచీ స్టార్టయిందో పేరుతో సహా చెప్పేవాడని అనేవారు. "కళ్ళు మోసం చేస్తాయిరా అల్లుడూ, చెవి చెయ్యదు" అనేవాడు. నన్ను అల్లుడూ అని పిలవడం ఆయన హక్కు, వెక్కిరించడం ఆ హక్కులో భాగం.

ఇంజను బిగించడం మా వాకిట్లోనే జరిగింది. మధ్యాహ్నానికి కార్బురేటరు దాకా వచ్చింది. పెట్రోలునీ గాలినీ పాళ్ళు చూసి కలిపి ఇంజనుకి వడ్డించేది అదే. దాని మూతికి గాలి వచ్చే రబ్బరు పైపొకటి తొడగాలి, ఇక అయిపోయినట్టే. సరిగ్గా అప్పుడు ఆయన ఇంటి నుంచి కబురొచ్చింది, బొమ్మిడాయి చేపల పులుసు దించారని. ఆయన చేతిలో పైపు అలాగే సీటు మీద పెట్టి లేచాడు. "పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఉంచల్లుడూ. భోంచేసి వచ్చి కిక్కు కొడతా."

అమ్మ గిన్నెలో పసుపు ముద్ద కలిపిచ్చి "హ్యాండిలుకో బొట్టు, ఇంజనుకో బొట్టు, చాలు" అంది. నాకు చాలలేదు. మొదటి ఇంజనుని నా చేతులతో చంపానన్న బాధ లోపల ఉంది. దీని విషయంలో ఏదీ మరిచిపోకూడదనుకున్నాను. ఇంజను చుట్టూ మడతలుగా ఉండే రెక్కల్లో ఒక్కోదానికీ పెట్టాను. ప్లగ్గుకి, కిక్ రాడ్డుకి, గేరు రాడ్డుకి, సైలెన్సరుకి పెట్టాను. కార్బురేటరు నోరు తెరుచుకుని కనిపించింది. పాపం దీన్ని మాత్రం ఎందుకు వదలాలని, ఉంగరం వేలితో దాని మూతి లోపలి అంచు మీద గుండ్రంగా, అందంగా ఒక బొట్టు పెట్టాను. చేతిలో వాయనం ఒక్కటే తక్కువ. మావయ్య పులుసు తేన్పుతో తిరిగొచ్చి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, కార్బురేటరు మూతి మీదకి వంగి ఏదో సవరించి, పైపు తొడిగేశాడు.

మొదటి కిక్కుకే ఇంజను అందుకుంది. కొబ్బరి ముక్కలు పంచాం. కానీ కాసేపటికి నల్లటి పొగ. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దగ్గుతున్నట్టు తడబడేది. పూర్తిగా యాక్సిలరేటరు ఇస్తే మాత్రం బ్రహ్మాండంగా అరిచేది. మర్నాడు రెండు కాన్లు కట్టి ఇసుకలోంచి వచ్చి, గట్టు మొదట్లో వేగం తగ్గించి, మళ్ళీ పైకి లాగబోతే సగంలో టపటపమని చచ్చిపోయింది. ప్లగ్గు విప్పితే మసి. మావయ్య తాపీగా చూసి "పెట్రోలెక్కువ తాగుతోంది. గాలి స్క్రూ సవరించాలి, అంతే" అన్నాడు.

ఆ అంతే అన్నది పదకొండు రోజులు నడిచింది. కార్బురేటరు పక్కన చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే ఇంజనుకి వెళ్ళే గాలి పెరుగుతుంది, తగ్గుతుంది, దాంతో చప్పుడు మారాలి. పొద్దున్నే పాకలో మావయ్య ట్యాంకు మీద స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టేవాడు, ఇంజను నిలకడ ఆ నీళ్ళ అలల్లో తెలుస్తుందని. స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని నాతో అనేవాడు:

"పావు తిప్పు."

తిప్పేవాణ్ణి.

"ఆఁ... విన్నావా? మారింది. ఏంటి, వినపడిందా లేదా?"

నాకేమీ వినపడలేదు. గ్లాసులో నీళ్ళు అంతకుముందు ఎలా వణికాయో అలాగే వణుకుతున్నాయి. కానీ అంత పెద్దాయన కన్ను మూసుకుని మరీ విని మారిందంటుంటే, డిగ్రీ కుర్రాణ్ణి మారలేదని ఎలా అంటాను? "ఆయ్, మారిందండి" అన్నాను. బాబాయి కూడా "ఆయ్, కొంచెం మారినట్టే ఉందండి" అన్నాడు. రేవులో స్నానానికొచ్చిన వాళ్ళు కూడా ఆగి, విని, ఆయ్ అన్నారు. మా వైపు మర్యాద అలాంటిది. ఆ స్క్రూని ఎటు తిప్పినా ఏ తేడా లేదన్న ముక్క ఒక్కరు నోరు విప్పి అని ఉంటే, లోపల గాలి దారి మూసుకుపోయిందేమోనన్న ఆలోచన మొదటి రోజే వచ్చేది. పదకొండు రోజులూ మేమందరం మర్యాదగా మారిందండి అంటూనే ఉన్నాం, అది మర్యాద లేకుండా గట్టు సగంలో ఆగిపోతూనే ఉంది. ఆగినప్పుడల్లా నేను దిగి తొయ్యాలి. "నీ చెయ్యి పడింది కదా దానికి, భయపడుతోంది" అనేవాడు మావయ్య.

ఈలోగా బాబాయి సైకిలుకి కాన్లు కట్టి ఇసుకలో తోసుకొచ్చేవాడు. ఒక్కో విడత రెండు కాన్లే. రెండో విడత వచ్చేసరికి వ్యాను వెళ్ళిపోయేది, ఎండకి పాలు విరిగిపోయేవి. అమ్మ ఆ విరిగిన పాలని బెల్లం వేసి దగ్గరికి కాచేది. మొదటి రోజు ఇష్టంగా తిన్నాను. నాలుగో రోజుకి ఆ తీపి వాసన వస్తేనే తలుపు చాటుకి వెళ్ళేవాణ్ణి. బాబాయి మాత్రం పళ్ళెంలో పెట్టినంతా తిని, అరికాళ్ళ బొబ్బలకి ఆముదం రాసుకుని పడుకునేవాడు. పదోరోజు లంక నుంచి మనిషొచ్చాడు. చెప్పులు విప్పి, అరుగు చివర కూర్చుని, నీళ్ళు తాగి, ఇబ్బందిపడుతూ అన్నాడు.

"మీ మీద మాకేం లేదండి. మీరెంత కష్టపడుతున్నారో చూత్తానే ఉన్నాం. కానీ పాలు ఊరుకోవు కదండి. సోమారం నుంచి ట్రాక్టరాయనకి పోసేద్దామంటున్నారు మావోళ్ళు."

"ఆదివారం దాకా చూడండి" అన్నాడు బాబాయి. అతను వెళ్ళాక నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు పెద్ద చూపైంది.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం పొద్దున అమ్మ ఇత్తడి సామాను తోమే రోజు. కుందులు, హారతి పళ్ళెం, గంట, చెంబులు అరుగు మీద పరుచుకుని, నానబెట్టిన చింతపండుతో రుద్ది, ముగ్గు పిండితో మెరుగు పెట్టేది. చింతపండు పులుపు, తడి ఇత్తడి వాసన, వంటింట్లోంచి కాఫీ డికాషన్ వాసన కలిసి మా ఇంటికి శుక్రవారం వచ్చినట్టు చెప్పేవి. ఆ రోజు వాటిలో పెట్రోలు వాసన కూడా కలిసింది. మావయ్య పాకకి వెళ్ళబుద్ధి కాక, వాకిట్లో ఉన్న బండి నుంచి కార్బురేటరు ఒక్కటీ విప్పి తెచ్చుకుని, అమ్మ పక్కనే కూర్చుని ఎన్నోసారో కడుగుతున్నాను. అమ్మ చెంబు తోముతూ ఓరకంట చూసింది.

"ఆ మూతిలో పచ్చగా ఉందేంట్రా?"

"ఇత్తడి బిళ్ళమ్మా. లోపలంతా అలాంటివే ఉంటాయి."

"ఇటియ్యి." తడిచేతిని చెంగుకి తుడుచుకుని, దాన్ని వెలుగుకి పెట్టి చూసింది. "ఇత్తడి కాదురా. ఇత్తడైతే ఇన్నాళ్ళు తోమకుండా ఉంటే నల్లబడదూ? ఇది పసుపు."

చీపురు లోంచి ఒక పుల్ల విరిచి, ఆ బిళ్ళ మధ్యలో గుచ్చి తిప్పింది. ఎండి గట్టిపడ్డ పసుపు ఉండ బయటికొచ్చి నా అరచేతిలో పడింది. దాని వెనక నిజంగానే ఇత్తడిది, సన్నటి రంధ్రం ఉన్న ముక్క కనిపించింది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంజనుకి గాలి వెళ్ళే దారి అదే. ఇత్తడిలో పసుపు కలిసిపోయి ఇన్నిసార్లు కడిగినా ఎవరి కంటా పడలేదు. పసుపుకి పెట్రోలంటే లెక్కలేదు. అమ్మ నా మొహంలోకి చూసి, బొట్టు ఎవరు పెట్టారో అడగలేదు. చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

కార్బురేటరు బిగించి, స్టార్టు చేసి, ఆ స్క్రూని పావు తిప్పాను. చప్పుడు మారింది. గొంతులో కఫం తెగినట్టు, ఎవరినీ అడగక్కర్లేకుండా మారింది. ఇంకో పావు తిప్పితే తేరుకుని నిలకడైంది. చప్పుడు విని బాబాయి పెరట్లోంచి వచ్చాడు, చేతిలో ఆముదం గిన్నె అలాగే ఉంది. కాసేపు విన్నాడు. "రేపు బండి మీదే" అన్నాడు. శనివారం పొద్దున నాలుగు కాన్లతో వచ్చి, గట్టు మొదట్లో కావాలనే బండిని పూర్తిగా నెమ్మదించాడు. వెనక కూర్చున్న నేను దిగి తొయ్యడానికి ఒక కాలు దించేశాను. బండి ఆగలేదు. ఒక్కసారి గొంతు సవరించుకుని పైకెక్కేసింది. గట్టు మీద వ్యాను ఇంకా రాలేదు కూడా. ఆదివారం లంకలో పాకల దగ్గర దిగినప్పుడు బాబాయి నా వైపు తిరిగి "కాన్లు ఎక్కించరా" అన్నాడు. ఆ ముక్క కోసం నేనెంతగా ఎదురుచూశానో ఆయనకి తెలుసు. సోమవారం ట్రాక్టరు రాలేదు.

ఆ సాయంత్రానికల్లా కథ రేవు దాటింది. "ఇంజనుకి పేరంటం చేశాడండి మా అల్లుడు! కాళ్ళకి పసుపు రాసి ఊరుకున్నాడనుకున్నారా, నోట్లో కూడా పెట్టాడు!" అని వీర్రాజు మావయ్య స్క్రూడ్రైవరు ఊపుతూ చెబుతుంటే జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. తప్పు నాదే కదా. కానీ పైపు తొడక్కుండా దాని నోరు తెరిచిపెట్టి భోజనానికి వెళ్ళిన మనిషి సంగతి ఆ కథలో ఎప్పుడూ రాలేదు. బొమ్మిడాయిలు కూడా రాలేదు. నా పెళ్ళిలో, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, మా అమ్మాయి పెళ్ళిలో కూడా ఆ కథ చెప్పాడు, ప్రతిసారీ నా బొట్లు నాలుగైదు పెరిగేవి.

మొన్న వెళ్ళేసరికి ఆయన వీధరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. ఎనభై దాటాయి. బాబాయి లేడు, అమ్మ లేదు, లంకకి ఇప్పుడు సిమెంటు దారి ఉంది. నేను వెళ్ళింది కరెంటు స్కూటరు మీద. దానికి చప్పుడు లేదు, పావు తిప్పడానికి స్క్రూ లేదు. పాడైతే షోరూములో కుర్రాడు వైరు తగిలించి కంప్యూటర్లో చూసి చెబుతాడు, మనం ఆయ్ అనక్కర్లేదు, అది మర్యాదలకి లొంగే రకం కాదు. హాయిగానే ఉంది. కాకపోతే ఒక బండి బాగుపడాలని ఊరంతా ఊపిరి బిగబట్టి వినడం మళ్ళీ ఎక్కడా చూడలేదు. మావయ్యకి నేనొచ్చిన చప్పుడు తెలియలేదు. స్కూటరుదే తప్పనుకున్నాను గానీ కాదు.

"చెవి మిషను పెట్టుకుంటారండి, వారం నుంచి అదీ పనిచెయ్యట్లేదు" అంది ఆయన కోడలు పద్మ. "బ్యాటరీ మార్చినా అంతే. కాకినాడ తీసుకెళ్ళాలంట. మనుషులు మాట్లాడట్లేదని ఒకటే కోపం ఆయనకి."

మిషను చేతిలోకి తీసుకున్నాను. చెవిలో పెట్టుకునే మెత్తటి బిళ్ళ చివర చిన్న రంధ్రం, దాని నిండా పచ్చటి గులిమి. మొదట చూస్తే అది మిషనులో భాగమే అనిపిస్తుంది. నాకు ఆ మోసం తెలుసు. "పద్మా, ఓ చీపురు పుల్ల ఇయ్యమ్మా" అన్నాను. జాగ్రత్తగా గుచ్చి తిప్పితే ఉండ బయటికొచ్చింది. తుడిచి ఆయన చెవిలో పెట్టాను. ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. పక్కింటి పంపు చప్పుడు, కాకి, పద్మ గాజులు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టున్నాయి.

"ఎవరూ? పేరంటమా! ఏం చేశావురా దీనికి?"

"ఏం లేదు మావయ్యా. నోటికి ఏదో అడ్డంపడింది. ఎవరో మూత పెట్టకుండా భోజనానికి వెళ్ళినట్టున్నారు."

ఆయన నా చేతిలో చీపురు పుల్లని చూశాడు. తరవాత కుర్చీ చెయ్యి గీకుతూ గొణిగాడు.

"పైపు వదిలేసి వెళ్ళింది నేనే కదరా. వచ్చాక నీ బొట్టు చూశాను కూడా. బొటనవేలితో తుడిచేశాను. అప్పుడే లోపలికి దూరి ఉంటుంది. మీ అమ్మ పుల్ల పెట్టి తీసిందన్న రోజే తెలిసింది నాకు."

బొటనవేలు సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ప్రతి అక్షరమూ స్పష్టంగా వినపడింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగాను.

"ఏంటండీ మావయ్యా? వినపడలేదు."

"పైపు నేనే వదిలేశానంటున్నా! బొట్టు తుడిచింది నా బొటనవేలే!"

లోపల పద్మ చేస్తున్న పని ఆపింది. వీధిలో సైకిలాయన కాలు కింద ఆనించాడు.

"పంపు చప్పుడండి, సరిగ్గా తెలియట్లేదు. కొంచెం గట్టిగా."

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. గోదావరి మీద లాంచీ నడిపిన రోజుల్లో అవతలి రేవుకి కేకేసిన గొంతు అది. ఏమీ తగ్గలేదు.

"ఇంజను నోట్లో పసుపు కుక్కింది నేనేరా! నువ్వు కాదు! నేనే!"

వీధి చివర టీ కొట్టు బల్ల మీద నలుగురూ ఇటు తిరిగారు.

"ఆయ్," అన్నాను, "ఇప్పుడు వినపడిందండి."